పంపుహౌస్ వంపు

ఆమెకు నీళ్ళంటే భయం. బకెట్లో నీళ్ళు కాదు, అడుగు కనపడని నీళ్ళు. పెళ్ళయిన కొత్తలో భర్త సరదాపడి పడవ ఎక్కిస్తానని ఏటి ఒడ్డుకు తీసుకువెళ్ళాడు. చెప్పులు విడిచి ఒక కాలు పడవలో పెట్టింది. అది కింద కదలగానే కాలు వెనక్కి లాక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచి వచ్చేసింది. ఏళ్ళు గడిచినా ఆ ఇంట్లో ఆ ముచ్చట పాతబడలేదు.

అలాంటి మనిషి తెరచాప పడవల పందేనికి ఒడ్డున కాపలా ఉండే మార్షల్‌గా ఒప్పుకోవడానికి కారణం ఆడపడుచు. ఆడపడుచు రంగుల దుకాణంలో పనిచేస్తుంది. పొట్టిగా, సన్నగా ఉండి ఒక్క చోట కుదురుగా నిలవదు కాబట్టి అందరూ పిచ్చుక అంటారు. అన్నా చెల్లెలూ ఏటా ఒకే పడవలో పందెంలో దిగుతారు. చుక్కాని చెల్లెలిది, తెరచాప తాళ్ళు అన్నవి. ఆ అన్న, అంటే ఈమె భర్త, డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఓర్చుకునే ఆ మనిషి, చెల్లెలి పడవ ఎక్కేముందు ఓపికంతా ఒడ్డునే వదిలేస్తాడు.

"వదినా, మార్షల్స్ చాలడంలేదట. కుర్చీలో కూర్చోవడమే పని. నీళ్ళు ముట్టుకోనక్కర్లేదు," అంది పిచ్చుక.

"కూర్చుని ఏం చెయ్యాలి?"

"మమ్మల్ని చూడాలి. ఎలాగూ ఇంట్లో కూర్చుని గుండెలు బాదుకుంటావు కదా, అదేదో మా ఎదురుగా కూర్చుని బాదుకో."

నిజానికి అది వేళాకోళమేమీ కాదు. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పందెం జరిగే ఆదివారాల్లో ఇంట్లో ఉండలేక, సెలవైనా ల్యాబుకు వెళ్ళి మైనపు చిగుళ్ళు చెక్కుతూ కూర్చునేది. ఫోన్ మోగేదాకా ఆ చేతులు ఆగేవి కావు. కనపడకుండా భయపడటం కంటే కనపడుతుండగా భయపడటం తేలికేమోనని ఆమెకూ అనిపించింది. సరే అంది.

బోట్ క్లబ్బులో ఒక సాయంత్రం శిక్షణ ఇచ్చారు. ఇచ్చినాయన పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు, ఒక్క రోజైనా నౌకాదళం మొహం చూడలేదు, అయినా అందరూ కమాండర్ అనే పిలుస్తారు. ఎర్రజెండా ఎప్పుడు ఊపాలో, గ్యాస్ డబ్బాతో మోగే బూర ఎలా నొక్కాలో, వాకీటాకీలో ఎలా మాట్లాడాలో చెప్పాడు. పిచ్చుక వదినా వదినా అని పిలుస్తుంటే క్లబ్బులో అందరికీ ఆమె వదినే అయిపోయింది. ఆమెకు పంపుహౌస్ వంపు దగ్గర పోస్టు ఇచ్చారు.

"అక్కడేమైనా ప్రమాదమా?" అని అడిగింది.

"అబ్బే, అందరికంటే సుఖమైన పోస్టు అదే. నీడ ఉంటుంది," అన్నాడు కమాండర్.

ఏరు అక్కడ పెద్ద గుట్టను చుట్టి తిరుగుతుంది. గుట్ట కింద పాత పంపుహౌస్, దాని ముందు నీళ్ళలోకి దిగే రాతి మెట్లు. పై మెట్టు మీద వదిన కుర్చీ. ఆమె కూర్చున్నచోటి నుంచి దిగువన ఏరంతా కనపడుతుంది, దూరంగా క్లబ్బు భవనం కూడా. ఎగువ మాత్రం గుట్ట మలుపు వెనక దాక్కుని ఉంటుంది. పడవలు ఎగువ నుంచి మలుపు తిరిగి, ఆమె ముందు నుంచి క్లబ్బు దాకా పోవాలి. లోతైన నీళ్ళన్నీ మెట్ల వైపే. అవతలి ఒడ్డు ఇసుక మేట, రెల్లు.

ఆమెకు తోడు మరో మార్షల్‌ను ఇచ్చారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి మానేసినాయన, టికెట్ బాబాయ్ అంటారు. గ్యాస్ బూర ఆయన చేతికొచ్చింది. చేతికొచ్చాక ఊరుకుంటాడా? మలుపు తిరిగిన ప్రతి పడవకీ ఒకసారి మోగించి, "రైట్ రైట్!" అని అరిచాడు. పడవల్లోవాళ్ళు నవ్వి చెయ్యి ఊపారు. వదిన కూడా నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

పందెం మొదలవడమే ఆలస్యమైంది. పొద్దున గాలి లేక పడవలన్నీ గంటల తరబడి ఆగిపోయాయి. ఆ ఏట్లోనే ఇసుక మోసే పెద్ద ఇనుప పడవలను, బార్జీలను, మధ్యాహ్నం దాకా ఆపుతామని రేవు ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. పందెం ఆలస్యమైంది కాబట్టి ఇంకాసేపు ఆపమనడానికి ఫోన్ చేశానని కమాండర్ వాకీటాకీలో చెప్పాడు. వాళ్ళు ఏమన్నారన్నది మాత్రం గుట్ట నీడలో గరగరమనే శబ్దంలో కలిసిపోయింది.

"ఒప్పుకునే ఉంటార్లే అమ్మా," అన్నాడు బాబాయ్.

"ఉంటారు అంటే? ఒప్పుకున్నారా లేదా?"

"నువ్వు మరీ చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌లా అడుగుతున్నావు."

చాలా పడవలు వచ్చి వెళ్ళిపోయాయి. చివరికి మూడు మిగిలాయి. అవి మలుపు తిరిగి గుట్ట నీడలోకి వచ్చేసరికి గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, తలుపు మూసినట్టు ఆగింది. తెరచాపలు వేలాడిపోయాయి. నీళ్ళు అక్కడ సుడిలా నెమ్మదిగా తిరుగుతాయి. మూడు పడవలూ ముందుకు పోక, వెనక్కి పోక, ఉన్నచోటనే గుండ్రంగా తిరగసాగాయి. నడిమి పడవది నీలం తెరచాప. అది ఆమె ఇంటి పడవ.

నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా వినపడుతుందని ఆమెకు అంతవరకూ తెలియదు. వాళ్ళ పోట్లాట ఎదురింట్లో జరుగుతున్నట్టే వినిపించింది.

"నేను చెప్పానా, గుట్టకు ఎడంగా పోదామని!"

"చెప్పావు. మలుపు తిరిగాక చెప్పావు."

"తెడ్డు తియ్యి, నాలుగు తోపులు తోస్తే గాలి దొరుకుతుంది."

"తెడ్డు ముట్టుకుంటే పందెంలోంచి తీసేస్తారు. చెయ్యి తియ్యి అన్నయ్యా, చెయ్యి తియ్యమన్నానా!"

బాబాయ్ గడియారం చూసుకున్నాడు. వాకీటాకీ చెవికి ఆనించి విదిలించాడు. "నేను పైన రోడ్డు మీదికి వెళ్ళి మాట్లాడి వస్తాను. అక్కడ సిగ్నల్ ఉంటుంది. క్లబ్బు మోటారు పడవ వస్తే వీళ్ళని లాక్కెళ్తుంది," అని పంపుహౌస్ వెనక మెట్లదారిన ఎక్కడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, మెట్టు మెట్టుకీ ఆగుతున్నాడు. కాసేపటికి ఆయన దగ్గు కూడా వినపడలేదు.

వదిన ఒక్కతే మిగిలింది. బూర, ఎర్రజెండా కుర్చీ పక్కన ఉన్నాయి. అంతా ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతతే ఆమెకు నచ్చలేదు. నీళ్ళు నల్లగా, నూనెలా ఉన్నాయి. ఒక్క పిట్ట అరుపు కూడా లేదు.

మొదట అరికాళ్ళకు తెలిసింది. కింది రాయి సన్నగా అదురుతోంది. పంపుహౌస్‌లో మోటారు వేశారేమోనని వెనక్కి తిరిగి చూసింది. తలుపుకు తాళం, తాళానికి సాలెగూడు. మోటార్లు తీసేసి ఏళ్ళయింది. అదురు ఆగలేదు. తర్వాత గుట్ట వెనక నుంచి చప్పుడు, బరువైన ఇంజను చప్పుడు, ఒక చోటి నుంచి కాకుండా అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టు.

ఆమె మెట్టు చివరకు వెళ్ళి ఒంగి ఎగువకు చూసింది. చాలా దూరాన, చెట్ల మధ్య సందులో, ఒక నల్లటి గోడ కదులుతోంది. ఇసుక నింపిన రెండు బార్జీలు ఒకదానికొకటి కట్టి, వెనక నుంచి టగ్గు, అంటే ఇంజను పడవ, తోస్తోంది. అంత వెనక, ఎత్తున, టగ్గు నడిపే సరంగు గది. అక్కడున్నవాడికి గుట్ట ఇవతల ఉన్న మూడు పడవలు కనపడే దారే లేదు. కనపడేసరికి చేయగలిగింది కూడా ఏమీ ఉండదు. ప్రవాహంతోపాటు వచ్చే బార్జి ఆగాలంటే ఎంత దూరం పడుతుందో శిక్షణలో కమాండర్ చెప్పాడు. అప్పుడు ఎవరో ఆవలించారు.

బూర తీసుకుని నొక్కింది. అది ఒకసారి కుయ్‌మంది, ఆ తర్వాత ఉత్త గాలి. ఇందాకటి నుంచి పడవలకు చేసిన మర్యాదలతో డబ్బా ఖాళీ అయిపోయింది.

"ఏమండీ! బార్జి! బార్జి వస్తోంది! ఇటు రండి!"

అరిచి అరిచి గొంతు చీరుకుపోయింది. ఎర్రజెండా రెండు చేతులా ఊపింది. వాళ్ళ మాటలు ఆమెకు అంత స్పష్టంగా వినపడుతున్నాయి, ఆమె మాట మాత్రం వాళ్ళకు అందలేదు. వాళ్ళు పోట్లాటలో ఉన్నారు, పైగా గుట్టకు తగిలి అరుపు చెదిరిపోతోంది. భర్త ఒకసారి తలెత్తి ఇటు చూశాడు. నవ్వి, చెయ్యి ఎత్తి ఊపాడు.

"చూడవే, మీ వదిన మనల్ని హుషారు చేస్తోంది," అన్నాడు చెల్లెలితో.

ఆ మాటతో ఆమెకు తెలిసిపోయింది. ఇక్కడ ఎంతసేపు గంతులేసినా వాళ్ళు నవ్వుతూనే ఉంటారు. గాలి లేని పడవలు. వాళ్ళకు తెలిసినా ఎంత దూరం పోగలరు? ఆపాల్సింది వాళ్ళను కాదు.

బార్జి దగ్గరకు పోవాలంటే గుట్ట కింద ఏటి అంచున సన్నటి కాలిబాట ఉంది. ఒక పక్క రాయి, ఒక పక్క నీళ్ళు. ఆ బాట మీద మామూలు రోజున ఆమె అడుగు కూడా పెట్టేది కాదు. అంతకంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. భర్తకు వీపు తిప్పి పరుగెత్తాలి. కళ్ళ ముందున్నంతసేపు వాళ్ళకేమీ కాదని, కన్ను మరల్చిన క్షణాన ఏదో జరుగుతుందని ఆమె ఇన్నేళ్ళుగా నమ్ముతూ వచ్చింది. ఆ నమ్మకానికి అర్థం లేదని తెలుసు. అయినా అడుగు పడలేదు. ఒక్కసారి నీలం తెరచాపను కళ్ళారా చూసుకుంది. తిరిగి పరుగు అందుకుంది.

రాళ్ళు జారుతున్నాయి. చెప్పు ఒకటి ఏట్లో పడింది. నారింజరంగు మార్షల్ కోటు ముళ్ళకు పట్టుకుంటే లాగి చించుకుంది. మలుపు తిరిగేసరికి వెనక మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి, ఇప్పుడు ఇంజను చప్పుడొక్కటే. ఎదురుగా నల్ల గోడ ఎంత పెద్దదైందంటే, ఏరు మొత్తం దానికే సరిపోయినట్టుంది. దాని ముందు నీళ్ళు దుప్పటి మడతలా లేచి పొర్లుతున్నాయి.

ఆమె జెండా ఊపుతూ ఎదురు పరుగెత్తింది. గది అద్దం వెనక ఒక మనిషి. అతను ఆమెను చూశాడు. చూసి చెయ్యి ఊపాడు.

అతనూ చెయ్యి ఊపాడు!

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. జెండా కింద పారేసింది. మలుపు వైపు వేలు చూపించింది. పడవ అని ఎలా చెప్పాలి? రెండు చేతులూ తలపైకెత్తి, వేళ్ళు జోడించి తెరచాపలా ముక్కోణం చేసింది. మళ్ళీ మలుపు చూపించింది. మళ్ళీ చేతులు జోడించింది. మోకాళ్ళ మీద పడిపోయిందని ఆమెకే తెలియలేదు.

బార్జి ముందు భాగం ఆమెను దాటిపోయింది. ఇనుము, ఇనుము, తుప్పు, ఇనుము. పక్కన నీళ్ళు ఒక్కసారిగా ఒడ్డు వదిలి, ఎవరో లోపలికి పీల్చుకున్నట్టు దిగిపోయాయి, ఎప్పుడూ ఎండ తగలని బురద బయటపడింది. అప్పుడు హారన్ మోగింది. ఒకటి కాదు, వరసగా, పొట్టిగా, ఆగకుండా. ఇంజను గొంతు మారింది. టగ్గు వెనక నీళ్ళు బురదతో ఉడికాయి. అతనికి అర్థమైందో, లేక పక్కకు తప్పుకోమని ఆమెనే కసురుతున్నాడో తెలియలేదు. బార్జి మాత్రం ఆగలేదు. నెమ్మదిగా, ఎవరి మాటా వినని మొండితనంతో మలుపులోకి పోయింది.

ఆమె లేచి దాని వెంట పరుగెత్తింది. టగ్గు కూడా ఆమెను దాటిపోయింది. ఇప్పుడు మలుపు అవతల ఏం జరుగుతోందో తెలియదు. చప్పుడే దిక్కు. హారన్ ఆగింది. ఏదో గరగరమని రాసుకున్న మోత. తర్వాత ఫట్‌మని కర్ర విరిగిన శబ్దం, ఎముక విరిగినంత స్పష్టంగా. ఆపైన మాట లేదు, అరుపు లేదు. ఇందాక అంత బాగా వినపడిన ఆ ఇద్దరి గొంతుల కోసం ఆమె చెవులు రిక్కించింది. పోట్లాడండి, ఏదో ఒకటి అనుకోండి అని పైకే అంటూ పరుగెత్తింది.

మలుపు తిరిగింది.

సరంగు బార్జిని అవతలి ఇసుక మేటలోకి ఎక్కించేశాడు. ముందు భాగం రెల్లులో దిగబడి ఉంది. వెనక టగ్గు ప్రవాహానికి అడ్డం తిరిగి, ఏటికి తలుపు వేసినట్టు మెట్ల వైపు వచ్చేసింది. రెల్లు దగ్గర ఒక పడవ బోర్లా పడి ఉంది. ఇద్దరు నడుములోతు నీళ్ళలో నిలబడి దాన్ని పట్టుకుని ఉన్నారు. ఇంకొకటి దిగువకు కొట్టుకుపోతోంది, అందులో మనుషులు కనపడుతున్నారు. మూడోది మెట్ల దగ్గర ఉంది. టగ్గు ఇనుప తోకకూ, పంపుహౌస్ రాతి గోడకూ మధ్య నలిగిపోయి ఉంది. కొయ్య రెండుగా విరిగింది. నీలం తెరచాప నీళ్ళ మీద పరుచుకుంది.

మనుషులు లేరు.

"ఏమండీ," అంది. అరుద్దామనుకుంది గానీ ఇంట్లో పక్క గదిలోంచి పిలిచినంత గొంతే వచ్చింది. "పిచ్చుకా."

ఎవరూ పలకలేదు. ఆమె మెట్లు దిగింది. ఒక మెట్టు, రెండు మెట్లు, తర్వాత మెట్టు కాలికి తగిలిందో లేదో తెలియదు. నీళ్ళు నడుముకొచ్చాయి. అడుగు కనపడటంలేదు. తెరచాప కిందికి రెండు చేతులూ పెట్టి తడమసాగింది. తాడు తగిలింది. చెక్క తగిలింది. మెత్తగా, బరువుగా ఏదో తగిలింది. పట్టుకుని లాగింది. నీళ్ళు పీల్చుకున్న సంచి. దాన్ని వదిలేసి మళ్ళీ చేతులు పెట్టింది. గుడ్డ చేతులకు చుట్టుకుంటోంది. టగ్గు ఏ మాత్రం కదిలినా తాను కూడా ఆ గోడకే నలుగుతానని తెలుసు. అది ఇంకెవరికో సంబంధించిన సంగతిలా అనిపించింది.

"వదినా! వదినా, పైకి రా! అది కదులుతోంది, పైకి రా!"

గొంతు పైనుంచి వచ్చింది. పంపుహౌస్ అరుగు మీద పిచ్చుక కూర్చుని ఉంది. ఒక చేతిని ఇంకో చేత్తో పొట్టకు అదుముకుని, మొహం తెల్లగా పాలిపోయి. వదిన కళ్ళు ఆమె పక్కకు పోయాయి. పక్కన ఎవరూ లేరు.

"మీ అన్నయ్య?"

"నీకోసమే, వదినా. నిన్ను వెతుక్కుంటూ రోడ్డు మీదికి పరుగెత్తాడు."

ఆమె మెట్లెక్కి అరుగు మీద కూలబడింది. వెనక మెట్లదారిలో భర్త దిగివస్తున్న చప్పుడు వినపడేదాకా నమ్మలేదు. అతని వెనక టికెట్ బాబాయ్, వాకీటాకీ గుండెకు అదుముకుని వచ్చాడు. భర్త ఆమె ముందు నిలబడి ఒక కాలికే ఉన్న చెప్పును, చిరిగిన కోటును, తడిసిన చీరను చూశాడు.

"ఏమైపోయావు?" అన్నాడు.

జరిగింది ఇది. జెండా ఊపుతుంటే హుషారు చేస్తోందనే అనుకున్నాడు. కాసేపటికి మళ్ళీ చూస్తే కుర్చీ ఖాళీ. "నువ్వు నా మీద నుంచి కళ్ళు తీసే మనిషివి కాదు. కుర్చీలో లేవంటే నీకేదో అయిందనుకున్నాను. నీళ్ళలో పడ్డావేమోనని..." అని ఆగిపోయాడు. తెడ్డు లాక్కుని, చెల్లెలు అరుస్తున్నా వినకుండా మెట్ల వైపు తోశాడు. మెట్టెక్కి పిలిచాడు, పంపుహౌస్ చుట్టూ వెతికాడు, పైకి పరుగెత్తాడు. పడవ కట్టడానికి ఆగిన పిచ్చుకకు హారన్ వినపడింది. తాడు వదిలి పైకి దూకబోయి మెట్టు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"పందెంలోంచి తీసేస్తారని తెడ్డు పట్టుకోనివ్వలేదు వదినా," అని పిచ్చుక వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

సాయంత్రం క్లబ్బుకు బార్జి సరంగు వచ్చాడు. పడవలు ఉన్నాయని తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. కమాండర్ ఫోన్ చేసిన మాట నిజమే, అవతల ఎవరూ ఎత్తలేదు, ఎత్తకపోతే ఒప్పుకున్నట్టేనని ఆయన అనుకున్నాడు. ఆ మాట ఒప్పుకుంటున్నప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు. సరంగుకు టీ ఇస్తే తాగలేదు. కింద పెట్టేసి వదిన వైపు తిరిగాడు.

"అమ్మా, ముందు మీరు ఊరికే పలకరిస్తున్నారనుకున్నాను. తర్వాత చూస్తే దండం పెడుతున్నట్టు కనపడింది. ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక బార్జికి దండం పెట్టేవాళ్ళు ఎవరుంటారు? అందుకే ఇంజను వెనక్కి వేశాను."

"దండం కాదండీ. తెరచాప," అంది ఆమె. ఎవరో నవ్వారు. ఆమెకు, సరంగుకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాత చాలా రోజులు ఆమె సరిగా నిద్రపోలేదు. ల్యాబులో సానరాయి తిరుగుతుంటే బల్ల అదిరేది. ఆ అదురు మోచేతులకు తగలగానే లేచి నిలబడేది, ఎటు పరుగెత్తాలో తెలియనట్టు. భర్త నీలం తెరచాపను ఆరబెట్టి, మడతపెట్టి, కొత్త పడవ మాట ఎత్తకుండా ఊరుకున్నాడు. పిచ్చుక చేతికి కట్టు విప్పిన రోజునే ఇంకెవరి పడవలోనో చోటు మాట్లాడుకుని వచ్చింది. వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది, తిట్లు తినడానికి సిద్ధపడి.

"మళ్ళీ వెళ్తావన్నమాట," అంది వదిన.

"వెళ్తాను వదినా. నువ్వు రావద్దులే. నీకు ఇంకా..."

"వస్తాను."

భర్త పేపరు దించాడు.

"భయం తగ్గిందా?" అన్నాడు.

"ఎక్కువైంది. అందుకే వస్తాను," అంది ఆమె. "కమాండర్‌గారికి చెప్పండి. నా కుర్చీ గుట్టకు ఇవతల వెయ్యొద్దు. ఎగువన, బార్జీలు కనపడేచోట వెయ్యమనండి. ఇవతల ఇంకొకళ్ళు ఉండాలి. బూర మాత్రం నా దగ్గరే ఉంటుంది, టికెట్ బాబాయ్ చేతికి ఇవ్వను."

"మరి మేము కనపడం కదా అక్కడినుంచి?" అంది పిచ్చుక.

ఆమె పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుంది.

"కనపడరు," అంది.